ముక్తినాథానికి మా బండి

సొంత కారులో విదేశం వెళ్ళివచ్చామంటే మా హిందూపురం బజారులో చాలామంది వేళాకోళం అనుకున్నారు. "సముద్రం ఎట్ల దాటించినావప్పా బండిని?" అని చింతపండు మండీ గుమాస్తా ఒకాయన అడిగాడు. నేపాలు కూడా విదేశమేననీ, అక్కడికి పోవడానికి సముద్రంతో పనిలేదనీ ఆయనకు నచ్చజెప్పేసరికి చేతిలో కాఫీ చల్లారిపోయింది. అయితే ఆయన అడిగిన రెండో ప్రశ్న మాత్రం ఆలోచించదగ్గదే. "అంత ఎత్తుకు మన బండి ఎక్కుతుందా?" అన్నాడు.

బండి ఎక్కింది. చిక్కు వచ్చింది బండితో కాదు.

మా అమ్మ పుట్టిల్లు ధర్మవరం. మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి. డెబ్బై రెండేళ్ళు. మా నాన్నగారి పూజలో ఒక సాలగ్రామం ఉండేది. "ఈ రాయి పుట్టిన గండకీ నదిని ఒకసారి చూసి రావాల" అని ఆయన ఉన్నన్నాళ్ళూ అనేవారు. ఆ కోరిక తీరకుండానే పోయారు. అమ్మ కోరిక ఇంకొంచెం పెద్దది. కార్తీకమాసంలో, అందునా ఏకాదశి నాడు, ముక్తినాథంలో నూట ఎనిమిది ధారల కింద స్నానం చేయాలి. వైష్ణవులు చెప్పుకునే నూట ఎనిమిది దివ్యదేశాలలో అదొకటి. సముద్రమట్టానికి సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉంది. మా హిందూపురం ఆరువందల చిల్లర మీటర్లు. అంటే మా ఊళ్ళాంటివి ఆరు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టన్నమాట.

పోఖరా నుంచి జోంసోం దాకా చిన్న విమానాలున్నాయి. అమ్మ ససేమిరా అంది. "నేల విడిచి సాము నేను చేయను. పోతే నేల మీదనే పోదాం" అంది. దాంతో కారు ప్రస్తావన వచ్చింది.

మా బావమరిది పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో పనిచేస్తాడు. తళ్ళికోట యుద్ధం తర్వాత, 1565లో, విజయనగర పాలకులు రాజధానిని తరలించుకున్న పెనుకొండ అది. ఎన్నో తరాలుగా గగనమహలూ, కొండమీది కోటా చూపించుకుని సంతోషపడుతున్న ఆ ఊరికి 2019 నుంచి కార్లు కూడా గొప్పలయ్యాయి. మా బండి అక్కడ పుట్టిందే. డీజిలుది. "బావా, మా ఎర్రమంచి బండి హిమాలయం ఎక్కలేదంటే నేను మళ్ళీ డ్యూటీకి పోను" అని శపథం చేశాడు. శపథాలు చేసేవాడు పక్కన ఉంటే ధైర్యంగానే ఉంటుంది. పైగా రెండో డ్రైవరు కూడా దొరికాడు.

అమ్మ, నేను, మా ఆవిడ, హౌస్‌సర్జన్ పూర్తిచేసిన మా అమ్మాయి, బావమరిది: ఐదుగురం 2024 నవంబరులో బయలుదేరాం. పెనుకొండ దగ్గర జాతీయ రహదారి ఎక్కితే కర్నూలు, హైదరాబాదు, నాగపూరు. అక్కణ్ణించి జబల్‌పూరు, ప్రయాగరాజ్, గోరఖ్‌పూరు మీదుగా సోనౌలీ సరిహద్దు. దాదాపు రెండువేల కిలోమీటర్లు. దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్లు బాగున్నాయి, పులిహోర రెండోరోజుకు అయిపోయింది.

కాగితాల సంగతి మాత్రం చెప్పాలి. ఇలాంటి ప్రయాణం తలపెట్టేవారికి పనికివస్తుంది. మనవాళ్ళకు నేపాలు పోవడానికి వీసా అక్కరలేదు గాని, పెద్దవాళ్ళ దగ్గర పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. కారుకు అసలు ఆర్.సి., లైసెన్సు సరే. చాలామంది మరిచిపోయేది బీమా. మన దేశంలో కట్టిన మోటారు బీమా సరిహద్దు గేటు దాటగానే ఆగిపోతుంది. కంపెనీకి కొంత అదనపు ప్రీమియం కట్టి, నేపాలుకు కూడా వర్తించేటట్టు పాలసీ మీద రాయించుకోవాలి. గేటు దాటాక "భన్సార్" అని ఒక ఆఫీసు. భన్సార్ అంటే వాళ్ళ భాషలో సుంకం. బండి ఎన్నాళ్ళు తమ దేశంలో తిరుగుతుందో చెప్పి రోజుల లెక్కన రుసుము కట్టాలి. ఆ గడువు దాటితే జరిమానా. మేము అనుకున్నది ఎనిమిది రోజులు. మా అమ్మాయి పట్టుబట్టి పది రోజులకు కట్టించింది. ఆ రెండు రోజులూ దండగ అని నేనూ బావమరిదీ గొణుక్కున్నాం.

నేపాలులో గడియారం మనకన్నా పదిహేను నిమిషాలు ముందు. బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. నంబరు ప్లేట్లు చాలావాటి మీద దేవనాగరి అంకెలు. మా ఏ.పీ. 39 చూసి ఒక పోలీసు చాలాసేపు ఆలోచించి, "మద్రాసా?" అని అడిగాడు. కాదనే ఓపిక లేక కొంచెం ఇటు అన్నాను.

బుట్వల్ దాటాక కొండలు మొదలు. తాన్సెన్‌లో ఒక రాత్రి, పోఖరాలో రెండు రాత్రులు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి పోవడానికి తలా ఒక పర్మిట్టు తీసుకోవాలి. ఆ పని పోఖరాలో చేసుకున్నాం. పోఖరా సుమారు 820 మీటర్లే. ఎత్తులో మా ఊరికి అన్నయ్య లాంటిది. అక్కడ మాతోపాటు బస చేసినవాళ్ళలో ఎక్కువమంది పొద్దున్నే జీపులెక్కి ఆ సాయంత్రానికే ముక్తినాథం చేరుకుంటున్నారు. 

మా అమ్మాయి కాగితం పెన్సిలు తీసుకుని కూర్చుంది. "మొదటి రాత్రి తాతోపానీలో, రెండో రాత్రి మార్ఫాలో. ముక్తినాథంలో నిద్ర లేదు. పొద్దున్నే పోయి దర్శనం చేసుకుని మార్ఫాకే దిగి వచ్చేయాలి" అంది. తాతోపానీ 1,200 మీటర్లు, మార్ఫా 2,670. ఈ లెక్కన కూడా కార్తీక బహుళ ఏకాదశి పొద్దున అమ్మ ముక్తినాథంలో ఉంటుంది. అందరం ఒప్పుకున్నాం.

ఇక దారి. బేనీ దాటాక కాళీగండకి మన పక్కన చేరుతుంది, ఇక వదలదు. ఒకవైపు ధవళగిరి, 8,167 మీటర్లు. మరోవైపు అన్నపూర్ణ, 8,091. ఆ రెండింటి మధ్య లోయ అడుగున మన బండి చీమలా పాకుతూ పోతుంది. దారి చాలాచోట్ల మట్టీ రాయీనే. ఒకచోట బుల్‌డోజరు రాళ్ళు తోసేదాకా గంటన్నర ఆగాం. ఇంకొకచోట జలపాతం నీళ్ళు రోడ్డుకు అడ్డంగా పారుతున్నాయి. అట్లాంటి చోట మొదటి గేరులో, వేగం పెంచకుండా తగ్గించకుండా, మధ్యలో గేరు మార్చకుండా దాటాలి. ఎదురుగా బండి వస్తే పైకి ఎక్కేదానికి దారి వదలాలి. ఎక్కుడులో ఆగిన బండిని మళ్ళీ కదిలించడం కష్టం గనక ఇది న్యాయమే. ఒక జీపు డ్రైవరు నా పక్కన ఆపి అద్దం దింపి, "బిస్తారై, బిస్తారై" అని నవ్వి పోయాడు. మెల్లగా, మెల్లగా అని. నేపాలీలో నేను నేర్చుకున్న మొదటి మాట అదే. అమ్మకు అది బాగా నచ్చింది. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ వెనక సీటులోంచి "బిస్తారై" అని వినపడుతూనే ఉంది.

దశమి మధ్యాహ్నానికి మార్ఫా చేరాం. సున్నం వేసిన తెల్లని ఇళ్ళు, రాళ్ళు పరిచిన సందు, ఎటు చూసినా ఆపిలు తోటలు. ఆ లోయలో పొద్దెక్కాక దక్షిణపు గాలి లేస్తుంది. ఇసుకను ముఖాన కొడుతూ సాయంత్రం దాకా తగ్గదు. జోంసోం విమానాలు పొద్దుటిపూటే ఎగరడానికి కారణం ఆ గాలే. మేము టీ తాగుతుండగా రెండు జీపులు వచ్చి ఆగాయి. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన యాత్రికులు. తెలుగు మాట వినపడగానే అమ్మ లేచి వెళ్ళి పలకరించింది. వాళ్ళు ఆ పొద్దునే పోఖరాలో బయలుదేరారట. రాత్రికి పైనే ఉండి తెల్లవారి ఏకాదశి స్నానం. వాళ్ళలో అరవై దాటిన బట్టల వ్యాపారి ఒకాయన ధర్మవరం చీరలు కొనడానికి ఏటా వస్తాడట. "అమ్మా, మాతో వచ్చేయండి, బండిలో ఒక సీటుంది" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను మా అమ్మాయి వైపు చూశాను. అది తల అడ్డంగా ఊపింది. జీపులు పోయాయి.

ఆ రాత్రి థకాలీ భోజనం: అన్నం, పప్పు, ఆకుకూర, ఊరగాయ. మనవాళ్ళకు ఇంతకంటే కావలసిందేముంది? కాని అమ్మ రెండు ముద్దలు తిని లేచింది. కాఫీ ఇస్తే వద్దంది. మా అమ్మ కాఫీ వద్దనడం నా జ్ఞానంలో అది మూడోసారి. మొదటి రెండుసార్లూ టైఫాయిడ్.

"అవ్వా, తల నొస్తోందా?" అంది మా అమ్మాయి.

"లేదు లే."

"కడుపులో తిప్పుతోందా?"

"ఏమీ లేదంటుంటే. పొద్దున్నే లేవాల, పడుకోండి."

తెల్లవారుజామున నాలుగింటికే లేచి, ఉపవాసమని పచ్చినీళ్ళు కూడా ముట్టకుండా, ధర్మవరం పట్టుచీర కట్టి దానిమీద రెండు స్వెటర్లు తొడిగి కూర్చుంది. మా అమ్మాయి నేరుగా దగ్గరికి వెళ్ళి, నుదుటిమీద చెయ్యి వేసి, "నా మీద ఒట్టేసి చెప్పు అవ్వా" అంది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "రాత్రంతా సుత్తితో కొట్టినట్టుంది. అయితే ఏమి? ఇంత దూరం వచ్చి తలనొప్పికి భయపడతారా?" అంది.

అప్పుడు మా అమ్మాయి ఒకే ఒక్క మాట చెప్పింది. తలనొప్పి ఉండగా ఇంకా పైకి పోకూడదు. అంతే. అది తగ్గేదాకా ఉన్నచోటే ఉండాలి, తగ్గకపోతే దిగిపోవాలి. ఎత్తైన కొండల వైద్యంలో దీనికి మినహాయింపు లేదట.

అమ్మకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నలభై ఏళ్ళ కోరిక అది. గుడి ఎదురుగా రెండు గంటల దూరంలో ఉంది. బండి బయట సిద్ధంగా ఉంది. బావమరిది ఇంజను కూడా వేడిచేశాడు. "పోయి గంటలో దిగివచ్చేద్దాం బావా" అని వాడు నెమ్మదిగా నా చెవిలో అన్నాడు. మా ఆవిడ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. నేను హిందూపురంలో పిల్లలకు ఫిజిక్సు చెప్పేవాణ్ణి. గాలి ఒత్తిడి గురించి ముప్ఫై ఏళ్ళుగా బోర్డుమీద రాస్తున్నాను. ముక్తినాథంలో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ప్రాణవాయువు పాలు ఎక్కడైనా ఒకటే, నూటికి ఇరవైఒకటి. కాని గాలే పలుచన. మా బండికి టర్బో ఉంది. పలచటి గాలిని కుదించి ఇంజనులోకి నెడుతుంది. మనిషికి అట్లాంటి యంత్రం లేదు. ఊపిరి వేగం పెరగడం వెంటనే జరుగుతుంది. మూత్రపిండాలు రక్తాన్ని దానికి సరిపెట్టుకోవడానికి రోజులు పడతాయి. కొత్త రక్తకణాలు పుట్టడానికి వారాలు. వెనకటి యాత్రికులు పోఖరా నుంచి నడిచి, రోజుల తరబడి నడిచి, పైకి పోయేవారు. నడిచినన్నాళ్ళూ వాళ్ళ ఒంటికి గడువు దొరికేది. 2008 ప్రాంతంలో ఈ లోయలో మోటారు దారి పడ్డాక ఆ గడువు పోయింది. బండి ఎంత బాగా ఎక్కితే లోపల కూర్చున్న మనిషికి అంత అపాయం.

ఇదంతా అమ్మకు చెబితే వింటుందా? నేను ఫిజిక్సు జోలికి పోలేదు. "అమ్మా, ధర్మవరంలో మగ్గానికి పడుగు ఎక్కించి సరిచేయడానికి ఎన్నాళ్ళు పట్టేదే?" అన్నాను.

"ఎన్నాళ్ళేమి, ఒక్కోసారి మూడు దినాలు."

"తొందరపడి ఒక్కపూటలో ఎక్కిస్తే?"

అమ్మ నావైపు కోపంగా చూసింది. తర్వాత పైన తొడిగిన స్వెటరు ఒకటి విప్పింది. "ఏకాదశి మళ్ళీ ఏడాదికి గాని కార్తీకంలో రాదు" అని మాత్రం అంది. మా అమ్మాయి నీళ్ళు ఉపవాసాన్ని చెడపవని ఒప్పించి, గంటకొక గ్లాసు తాగించింది. ఆ రోజంతా అమ్మ ఆపిలు చెట్ల కింద ఎండలో కూర్చుని, ఆ ఇంటి థకాలీ ముసలావిడతో మాట్లాడుతూ గడిపింది. ఆమెకు తెలుగు రాదు, ఈమెకు నేపాలీ రాదు. ఇద్దరూ సాయంత్రందాకా ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం మూడింటికి, గాలి జోరుగా ఉండగా, పైనుంచి ఒక జీపు దిగి మా వాకిట్లో ఆగింది. చిక్కబళ్ళాపురం వాళ్ళదే. ఆ బట్టల వ్యాపారి వెనక సీటులో వాలిపోయి ఉన్నాడు. ఊపిరి అందడం లేదు. నిలబెడితే కాళ్ళు తూలుతున్నాయి. మా అమ్మాయి ఆయన వేలికి చిన్న యంత్రం తగిలించి అంకె చూసింది. దాని ముఖం మారింది. "ఇక్కడ ఆగొద్దు. మందు కన్నా ముందు దిగడం ముఖ్యం. బేనీలో ఆసుపత్రి ఉంది, నేరుగా పోండి" అని, దగ్గరున్న మందులు ఇచ్చి, జీపును పంపించేసింది. జీపు వంపు తిరిగేదాకా అమ్మ చూస్తూ నిలబడింది. లోపలికి వచ్చి, అడగకుండానే ఇంకో గ్లాసు నీళ్ళు తాగింది.

ద్వాదశి పొద్దున ఆరింటికి కాఫీ అడిగింది. రెండుసార్లు అడిగింది.

జోంసోం, కాగ్బేనీ దాటి పైకి పోయేకొద్దీ చెట్లు లేవు, గడ్డి కూడా పలుచన. మా అనంతపురం వైపు మెట్టభూములు గుర్తొచ్చాయి. ఆ గుట్టల వెనక మంచుకొండలు లేకపోతే రాప్తాడు దగ్గరున్నామనే అనుకోవచ్చు. బండి ఏమాత్రం నొప్పి లేకుండా లాగింది. బావమరిది గర్వం చూడాలి. రాణీపౌవాలో బండి ఆపి డిక్కీ తెరిస్తే, హిందూపురంలో కొన్న చిప్స్ పొట్లాలు డోలులా ఉబ్బి ఉన్నాయి. పొట్లంలోది మన ఊరి గాలి, బయటిది పలుచని గాలి గనక అట్లా అవుతుంది. అమ్మ ఒక పొట్లాన్ని వేలితో మీటి, "పాపం, వీటికీ తలనొప్పి వచ్చినట్టుంది" అంది.

అక్కణ్ణించి గుడికి కాలిదారి. గుర్రాలు దొరుకుతాయి. నేల విడిచి సాము చేయనన్న మనిషి గుర్రం మాత్రం ఎక్కింది. దాని కాళ్ళు నేలమీదనే ఉన్నాయి కదా అని సమాధానం. గుడి చిన్నదే. బౌద్ధులకు కూడా అది పుణ్యక్షేత్రం గనక బౌద్ధ సన్యాసినులే అక్కడ కనిపెట్టుకుని ఉంటారు. వెనక అర్ధచంద్రాకారంగా గోడ, గోడకు వరసగా నూట ఎనిమిది ఎద్దుముఖాలు, ప్రతి నోట్లోంచీ ఐసు లాంటి నీళ్ళు. కుర్రవాళ్ళు కేకలు పెడుతూ వాటి కింద పరుగెత్తుతున్నారు. తల తడపడానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు. అమ్మ వాదించలేదు. ఒక్కొక్క ధార దగ్గర ఆగి, చేత్తో అందుకుని నెత్తిన రెండు చుక్కలు చల్లుకుని, రెండు ఊపిర్లు తీసుకుని, తర్వాతి ధార దగ్గరికి జరిగింది. నేను మధ్యలో లెక్క తప్పాను. ఆమె తప్పలేదు. చివరిది అయ్యాక వెనక్కి తిరిగి, "నూటెనిమిది. మీ నాయన పేరుతో కూడా అందులోనే" అంది. ఒక చిన్న సీసాలో తీర్థం పట్టుకుంది.

గాలి లేవకముందే దిగాలని త్వరగా బయలుదేరాం. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే అది కాలి పట్టు వదిలేస్తుంది. రెండో గేరులోనో మొదటి గేరులోనో పెట్టి, ఇంజనే బండిని వెనక్కి పట్టేటట్టు చేయాలి. బావమరిది తోలాడు. వెనకనుంచి "బిస్తారై" వినిపించలేదని చూస్తే అమ్మ నిద్రపోతోంది. ఆ రాత్రి మార్ఫా, మర్నాడు బేనీ. భన్సారు గడువులో ఇంకా రెండు రోజులు మిగిలాయి. దండగ అనుకున్న రోజులే అవి.

బేనీ బజారులో భోజనానికి ఆగితే, మూలబల్ల దగ్గర చిక్కబళ్ళాపురం వ్యాపారి! పక్కన ఆయన మేనల్లుడు. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచి, ఇంకా రెండు రోజులు ప్రయాణం చేయొద్దన్నారట. మమ్మల్ని చూసి లేవబోతే మా అమ్మాయి కూర్చోమంది. అన్నం మారు పెట్టించుకుంటున్నాడు.

"ఏకాదశి స్నానం అయిందా అన్నా?" అని అమ్మ అడిగింది.

"అయిందమ్మా. అయిందనే అంటున్నారు వీళ్ళు. నాకైతే ఆ తలనొప్పిలో స్వామి ముఖం కూడా గుర్తులేదు."

అమ్మ ఏమీ అనలేదు. సంచిలోంచి సీసా తీసి, ఆయన మంచినీళ్ళ సీసాలో సగం తీర్థం పోసింది.